ప్రమాణమా, అడ్డుగోడా? అమెరికా అంతర్రాష్ట్ర వాణిజ్య తీర్పులలో వ్యవసాయ శాస్త్ర సాక్ష్యం

ఒక రాష్ట్రం పొరుగు రాష్ట్రపు పంటను తన విపణిలోనికి రానివ్వదలచుకోనప్పుడు ఆ మాటను సూటిగా చెప్పదు. మా రైతుకు పోటీ వద్దు అని ఏ చట్టపు పీఠికలోనూ రాసి ఉండదు. కాయ పక్వానికి రాలేదని, పెట్టె మీది గ్రేడు వినియోగదారుణ్ణి తికమక పెడుతున్నదని, పాలు చాలా దూరం నుంచి వస్తున్నాయని, ఎండుగడ్డిలో పురుగు ఉన్నదని చెబుతుంది. ఈ కారణాలన్నీ వ్యవసాయ శాస్త్రం నుంచి అరువు తెచ్చుకున్నవే. వీటిలో కొన్ని నిజమైనవి, కొన్ని కేవలం ముసుగులు. ఏది నిజమో ఏది ముసుగో తేల్చే భారం అమెరికాలో చాలా కాలంగా న్యాయస్థానాల మీద ఉన్నది.

రాష్ట్రాల వాణిజ్య ఆంక్షలకు రాజ్యాంగం విధించే పరిమితులను గురించి అక్కడ రూపొందిన న్యాయసూత్రాలలో పెద్ద భాగం పాలు, పండ్లు, చేపలు, మాంసం వంటి వ్యవసాయోత్పత్తుల వివాదాల నుంచి పుట్టినదే కావడం విశేషం. న్యాయశాస్త్ర విద్యార్థులు ఈ తీర్పులను చదువుతారు. వ్యవసాయ విద్యార్థులు సాధారణంగా చదవరు. అయితే ఈ తీర్పులలో గెలుపోటములను నిర్ణయించినది తరచుగా మన రంగానికి చెందిన సాక్ష్యమే. అందుచేత ఈ వ్యాసంలో ఆ తీర్పులను రాజ్యాంగ పాఠంగా కాక, శాస్త్రజ్ఞుడు ఇచ్చే ప్రమాణానికి, సిఫారసుకు ఎదురయ్యే పరీక్షగా పరిశీలించడం జరిగింది.

రాజ్యాంగంలో ఉన్నదీ, లేనిదీ

1787లో రచించిన అమెరికా రాజ్యాంగపు మొదటి అధికరణంలోని 8వ విభాగం విదేశాలతోనూ, రాష్ట్రాల మధ్యనూ, ఆదివాసీ తెగలతోనూ జరిగే వాణిజ్యాన్ని క్రమబద్ధీకరించే అధికారాన్ని కాంగ్రెస్‌కు ఇచ్చింది. అక్కడ ఉన్నది అంతే. కాంగ్రెస్ ఏ చట్టమూ చేయని విషయంలో రాష్ట్రాలు ఏమి చేయవచ్చు, ఏమి చేయకూడదు అనే ప్రశ్నకు ఆ వాక్యంలో జవాబు లేదు. ఆ జవాబును సుప్రీంకోర్టు క్రమంగా నిర్మించుకున్నది. 1824 నాటి గిబ్బన్స్ వర్సెస్ ఆగ్డెన్ తీర్పులో దాని సూచన కనిపిస్తుంది. 1852 నాటి కూలీ తీర్పులో అది ఒక రూపం దాల్చింది. కాంగ్రెస్‌కు ఇచ్చిన అధికారంలోనే రాష్ట్రాలపై ఒక నిషేధం నిద్రాణంగా ఉన్నదనే భావన కనుక దీనిని నిద్రాణ వాణిజ్య నిబంధన అని పిలవవచ్చును. రాజ్యాంగంలో లేని అక్షరాలను న్యాయమూర్తులు చదువుతున్నారని జస్టిస్ స్కాలియా, జస్టిస్ థామస్ వంటివారు దీనిని గట్టిగా విమర్శించారు. ఆ విమర్శలో బలం లేకపోలేదు. అయినప్పటికీ సూత్రం నిలిచే ఉన్నది.

నేడు అమలులో ఉన్న పరీక్ష స్థూలంగా రెండు మెట్లుగా ఉంటుంది. రాష్ట్ర చట్టం బయటి సరుకును బయటి సరుకు అయినందుకే వివక్షతో చూస్తే, తనకు న్యాయమైన స్థానిక ప్రయోజనం ఉన్నదనీ, దానిని సాధించడానికి వివక్ష లేని మార్గం మరొకటి లేదనీ రాష్ట్రమే రుజువు చేయాలి. ఈ మెట్టు మీద నెగ్గిన చట్టాలు అరుదు. చట్టం అందరికీ సమానంగా వర్తించేదై, అంతర్రాష్ట్ర వాణిజ్యంపై దాని ప్రభావం ఆనుషంగికమే అయితే, స్థానిక ప్రయోజనంతో పోల్చినప్పుడు ఆ భారం స్పష్టంగా మితిమీరినదని తేలితేనే కొట్టివేస్తారు. ఈ రెండవ మెట్టుకు మూలం ఒక కర్బూజా తోట.

పార్కర్ కర్బూజాలు

అరిజోనా రాష్ట్రంలోని పార్కర్ వద్ద బ్రూస్ చర్చ్ అనే సంస్థ మేలైన కర్బూజాలను పండించేది. అక్కడ దానికి ప్యాకింగ్ షెడ్డు లేదు. అందుచేత కాయలను పెట్టెలలో సర్దకుండానే 31 మైళ్ల దూరంలో, కాలిఫోర్నియాలోని బ్లైత్ వద్ద ఉన్న తన షెడ్డుకు తరలించి, అక్కడ గ్రేడింగు, ప్యాకింగు చేయించేది. 31 మైళ్లంటే సుమారు 50 కిలోమీటర్లు. మన జిల్లాలలో రైతు మార్కెట్ యార్డుకు ట్రాక్టరు తోలుకుపోయే దూరమే. అయితే మధ్యలో రాష్ట్ర సరిహద్దు ఉన్నది. అరిజోనా పండ్లు, కూరగాయల ప్రమాణీకరణ చట్టం కింద అక్కడి అధికారి, రాష్ట్రంలో పండిన కాయలను రాష్ట్రంలోనే పెట్టెలలో సర్ది పంపాలని ఉత్తర్వు జారీ చేశాడు. దానిని పాటించాలంటే సంస్థ సుమారు 2,00,000 డాలర్లతో కొత్త షెడ్డు కట్టుకోవాలి. కోతకు సిద్ధమవుతున్న పంట విలువ సుమారు 7,00,000 డాలర్లు. కర్బూజా పక్వానికి వచ్చిన తరువాత తీగ మీద ఎంతకాలం ఆగుతుందో పాఠకులకు వేరుగా చెప్పనవసరం లేదు.

1970లో పైక్ వర్సెస్ బ్రూస్ చర్చ్ కేసులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా సంస్థ పక్షాన తీర్పు చెప్పింది. గమనించదగినది ఏమంటే, ప్రమాణీకరణ చట్టాన్ని కోర్టు తప్పు పట్టలేదు. నాసి కాయలను మోసపూరితంగా ప్యాక్ చేసి అమ్మకుండా అడ్డుకోవడం రాష్ట్రానికి న్యాయమైన ప్రయోజనమేనని అంగీకరించింది. ఈ వివాదంలో కాయలు నాసివి కావు, పైగా అతి శ్రేష్ఠమైనవి. రాష్ట్రం కోరుతున్నదల్లా ఆ శ్రేష్ఠత తన పేరు మీద చలామణీ కావాలని. ఆ కోరిక కోసం ఒక రైతు సంస్థ చేత, మరో చోట చేసుకోగల పనికి 2,00,000 డాలర్లు ఖర్చు పెట్టించరాదని కోర్టు అభిప్రాయపడింది. భౌగోళిక గుర్తింపు, ప్రాంతీయ బ్రాండు అనే మాటలను నేడు మనం ఉత్సాహంగా వాడుతున్నాము. పంటకు పేరు తేవడం వేరు, ఆ పేరు కోసం పంట నడిచే దారిని శాసించడం వేరు అని ఈ తీర్పు చేసిన విభజన ఆ చర్చలో ఇంకా తగినంత చోటు సంపాదించుకోలేదని వ్యాసకర్త అభిప్రాయం.

ఆపిల్ పెట్టె మీది ముద్ర

పైక్ కేసులో కనీసం వివక్ష అనే మాట రాలేదు. 1977 నాటి హంట్ వర్సెస్ వాషింగ్టన్ స్టేట్ ఆపిల్ అడ్వర్టైజింగ్ కమిషన్ కేసులో నియమం పైకి అందరికీ సమానమే, లోపల మాత్రం కాదు. వ్యవసాయ విద్యార్థి ఒక్క తీర్పే చదవగలిగితే ఇదే చదవాలి.

వాషింగ్టన్ రాష్ట్రం 1915 నుంచి తన ఆపిళ్లకు నిర్బంధ తనిఖీ పద్ధతిని నడుపుతున్నది. ఆ రాష్ట్రపు గ్రేడులు ఫెడరల్ వ్యవసాయ శాఖ గ్రేడులకు సమానంగానో, అంతకంటే మెరుగుగానో ఉండేవి. దేశంలోని ఆపిల్ ఉత్పత్తిలో సుమారు 30 శాతం, మూసిన పెట్టెలలో అంతర్రాష్ట్ర వాణిజ్యానికి పోయే ఆపిళ్లలో దాదాపు సగం ఆ ఒక్క రాష్ట్రానివే. పెట్టె మీద వాషింగ్టన్ గ్రేడు ముద్ర చూస్తే లోపలి కాయను విప్పి చూడనక్కరలేదనే నమ్మకం వ్యాపారులలో ఏర్పడింది. ఈ నమ్మకాన్ని సంపాదించడానికి ఒక తరం పైగా రైతులు తమ నాసి కాయలను తామే ఏరి పారవేసుకున్నారు.

1970వ దశకం మొదట్లో ఉత్తర కరోలినా వ్యవసాయ మండలి ఒక నియమం తెచ్చింది. రాష్ట్రంలోకి వచ్చే, లేదా రాష్ట్రంలో అమ్మే మూసిన ఆపిల్ పెట్టెల మీద ఫెడరల్ గ్రేడు మాత్రమే ఉండవచ్చు, లేదా ఏ గ్రేడూ లేకుండా ఉండవచ్చు. రాష్ట్ర గ్రేడు మాత్రం ఉండరాదు. మిగిలిన 49 రాష్ట్రాలలో ఏ ఒక్కదానిలోనూ ఇటువంటి నియమం లేదు. రకరకాల రాష్ట్ర గ్రేడులు వినియోగదారుణ్ణి మోసగిస్తాయని, గందరగోళపెడతాయని ఉత్తర కరోలినా వాదించింది.

ఆచరణలో ఏమి జరుగుతుందో చూడండి. వాషింగ్టన్‌లో పెట్టెల మీద గ్రేడును ముందే ముద్రించి, కాయలు నింపి, శీతల గిడ్డంగులలో ఉంచుతారు. ఏ పెట్టె ఏ రాష్ట్రానికి పోతుందో అప్పటికి తెలియదు. ఉత్తర కరోలినాకు పోయే పెట్టెల మీద ముద్రను చెరిపివేయాలి, లేదా కాయలను వేరే పెట్టెలలో మళ్లీ సర్దాలి. మళ్లీ సర్దితే కాయ నలుగుతుంది. చెరిపిన ముద్ర చూస్తే కొనేవాడికి అనుమానం కలుగుతుంది. కోర్టు మూడు సంగతులను గుర్తించింది. వాషింగ్టన్ రైతు ఖర్చు పెరిగింది, స్థానిక రైతు ఖర్చు పెరగలేదు. తనిఖీ పద్ధతి ద్వారా వాషింగ్టన్ సంపాదించుకున్న పోటీ ప్రయోజనం తుడిచిపెట్టుకుపోయింది. అంతేకాక, మేలైన గ్రేడు కాయ కూడా దానికి సమమైన ఫెడరల్ గ్రేడు పేరుతోనే అమ్ముడుపోవలసి రావడం వలన మొత్తం విపణి కింది స్థాయికి దిగింది.

వినియోగదారుని రక్షణ అనే వాదన ఇక్కడే కూలిపోయింది. ఏ గ్రేడూ లేని పెట్టెను అనుమతించే నియమం ఎవరికి సమాచారం ఇస్తున్నట్లు? పైగా మూసిన పెట్టెను చూసేవారు ప్రధానంగా టోకు వర్తకులు, దళారులు. వారికి గ్రేడుల మధ్య తేడా బాగా తెలుసు. ఇంటికి ఆపిళ్లు కొనుక్కుపోయే గృహిణి పెట్టెను సాధారణంగా చూడనే చూడదు. గందరగోళమే సమస్య అయితే, ఫెడరల్ గ్రేడుతో పాటు రాష్ట్ర గ్రేడును కూడా ముద్రించవచ్చునని చెబితే సరిపోయేది. పాల్గొన్న న్యాయమూర్తులందరూ ఏకాభిప్రాయంతో నియమాన్ని కొట్టివేశారు. ఈ నియమం రావడానికి ప్రధాన కారణం స్థానిక ఆపిల్ రైతులేనని ఉత్తర కరోలినా వ్యవసాయ కమిషనరే బహిరంగంగా అన్న సంగతి రికార్డుకు ఎక్కినా, కోర్టు తన తీర్పును దాని మీద ఆధారపరచలేదు. ఉద్దేశం ఏదైనా ప్రభావం అదే కనుక దాని జోలికి పోనవసరం లేదన్నది.

తెలియక రూపొందించినా, తెలిసి రూపొందించినా, ఒక గ్రేడు నియమం మరొక చోటి రైతు సాధించిన నాణ్యతను అదృశ్యం చేయగలదు. గ్రేడుల కమిటీలలో కూర్చునే మనం సాధారణంగా కనీస ప్రమాణాన్ని గురించే ఆలోచిస్తాము. ఇక్కడ కోర్టును ఆలోచింపజేసినది దాని పైకప్పు.

ఎనిమిది కిలోమీటర్ల పాలు

విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్ నగరం పాశ్చరీకరించిన పాలను గురించి ఒక ఆర్డినెన్సు చేసింది. నగర కేంద్రానికి 5 మైళ్లలోపు, అంటే సుమారు 8 కిలోమీటర్లలోపు ఉన్న, తాను ఆమోదించిన కేంద్రంలో శుద్ధి చేసి సీసాలలో నింపిన పాలనే పాశ్చరీకరించిన పాలుగా అమ్మాలని దాని సారాంశం. డీన్ మిల్క్ సంస్థ శుద్ధి కేంద్రాలు ఇల్లినాయ్ రాష్ట్రంలో 65, 85 మైళ్ల దూరంలో ఉన్నాయి. పాలు త్వరగా చెడిపోయే పదార్థం, తనిఖీ అవసరమైన పదార్థం అనడంలో ఎవరికీ సందేహం లేదు. 1951లో సుప్రీంకోర్టు ఆ ఆరోగ్య ప్రయోజనాన్ని అంగీకరిస్తూనే ఆర్డినెన్సును కొట్టివేసింది. నగర తనిఖీదారులు దూరపు కేంద్రానికి వెళ్లి, ఆ ఖర్చును సంస్థ నుంచి వసూలు చేయవచ్చు. లేదా ఫెడరల్ ప్రజారోగ్య సేవా సంస్థ నమూనా ఆర్డినెన్సులోని పద్ధతిని అనుసరించి, సమాన ప్రమాణాలు గల మరో నగరపు తనిఖీని ఆమోదించవచ్చు. ఈ నమూనా పద్ధతిని అనుసరించినా మాడిసన్ ప్రజల ఆరోగ్యానికి తగిన రక్షణ ఉంటుందని మాడిసన్ ఆరోగ్య కమిషనరే సాక్ష్యం చెప్పాడు. నిజం చెప్పిన ఆ అధికారి పట్ల గౌరవం కలుగుతుంది. ముగ్గురు న్యాయమూర్తులు మాత్రం ప్రజారోగ్య విషయంలో నగరం మాటకు ఎక్కువ విలువ ఇవ్వవలసిందని విభేదించారు.

నూనె శాతం

పక్వత సూచికల విషయం మన శాస్త్రానికి మరింత దగ్గరైనది. అవకాడో చెట్టు మీద మెత్తబడదు. కోసిన తరువాతనే మాగుతుంది. పక్వానికి రాకముందే కోస్తే మాగక, రబ్బరులా సాగి, ముడతలు పడుతుంది. పైకి చూసి పక్వతను చెప్పడం కష్టం. అందుచేత కాలిఫోర్నియా 1925లో ఒక చట్టం చేసి, తొక్క, గింజ మినహాయించి బరువులో కనీసం 8 శాతం నూనె లేని అవకాడోను అమ్మరాదన్నది. ఆ రాష్ట్రంలో పండే మెక్సికన్, గ్వాటెమాలన్ జాతుల రకాలకు ఈ సూచిక బాగానే సరిపోయింది.

ఫ్లోరిడాలో పండేవి వెస్ట్ ఇండియన్ జాతి రకాలు, వాటి సంకరాలు. ఈ జాతిలో నూనె స్వభావసిద్ధంగానే తక్కువ. కొన్ని రకాల కాయలు 8 శాతం చేరకముందే పక్వానికి వస్తాయి. ఫ్లోరిడాలో ఫెడరల్ మార్కెటింగ్ ఉత్తర్వు కింద పక్వతను రకాన్ని బట్టి కోత తేదీ, బరువు, పరిమాణాలతో నిర్ణయించేవారు. ఆ లెక్కన పక్వమైన కాయ కాలిఫోర్నియా లెక్కన అపక్వం. ఫ్లోరిడా నుంచి వెళ్లిన ప్రతి 100 కాయలలో సుమారు 6 తిరస్కరణకు గురయ్యేవి. బంగినపల్లికి నిర్ణయించిన పక్వత కొలతను తోతాపురికి అన్వయించి, కాయ పచ్చిదని యార్డులో వెనక్కి పంపితే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

1963లో ఫ్లోరిడా లైమ్ అండ్ అవకాడో గ్రోయర్స్ వర్సెస్ పాల్ కేసులో సుప్రీంకోర్టు 5–4 తేడాతో, ఫెడరల్ ఉత్తర్వు ఉన్నంత మాత్రాన రాష్ట్ర పరీక్ష రద్దు కాదన్నది. కాయను మరికొంత కాలం చెట్టు మీద ఉంచితే రెండు నియమాలనూ పాటించవచ్చు కదా అని మెజారిటీ వాదించింది. ఉద్యాన శాస్త్రజ్ఞునికి ఈ వాదన మింగుడుపడటం కష్టం. కోత ఆలస్యమైతే కాయ రాలుడు, మాగుదల, ధర అన్నీ మారుతాయి. కానీ వాణిజ్య నిబంధన కింద ఈ పరీక్ష అన్యాయమైన భారమా కాదా అన్న అసలు ప్రశ్నకు కోర్టు జవాబు చెప్పలేదు. కింది కోర్టు రికార్డులో సాక్ష్యాధారాల స్థితి అస్పష్టంగా ఉన్నదని కేసును తిరిగి పంపింది. మరో మాటలో చెప్పాలంటే, రకాల వారీ పక్వతను గురించిన దత్తాంశాలు ఉన్నా అవి సరైన రీతిలో రికార్డుకు ఎక్కలేదు. కాలిఫోర్నియా తరువాతి కాలంలో నూనె శాతాన్ని వదలి, రకం వారీగా నిర్ణయించిన పొడి పదార్థ శాతానికి మారింది. శాస్త్రపరంగా మొదటి నుంచీ కావలసినది ఆ రకం వారీ కొలతే.

పురుగు నిజమైనప్పుడు

ఇంతవరకు చూసినవి చదివి, సరిహద్దు ఆంక్షలన్నీ ముసుగులేనని అనుకుంటే పొరపాటు. చీడపీడలు సరిహద్దు దాటడం కల్పన కాదు. లూసర్న్ పంటను నాశనం చేసే ముక్కు పురుగు అమెరికాలో మొదట 1904లో ఉటా రాష్ట్రంలో కనిపించింది. అది ఎండుగడ్డితో ప్రయాణిస్తుంది. 1921లో వాషింగ్టన్ రాష్ట్రం పురుగు సోకిన ఉటా తదితర రాష్ట్రాల ప్రాంతాల నుంచి లూసర్న్ ఎండుగడ్డి రాకుండా క్వారంటైన్ విధించింది. గడ్డిని మోసిన రైల్వే సంస్థతో వివాదం సుప్రీంకోర్టు వరకు పోయింది. 1926 మార్చిలో కోర్టు ఆ క్వారంటైన్‌ను కొట్టివేసింది. కారణం పురుగు అబద్ధమని కాదు. 1912 నాటి ఫెడరల్ వృక్ష క్వారంటైన్ చట్టం, దాని 1917 సవరణ ఆ రంగాన్ని పూర్తిగా ఆక్రమించాయి కనుక రాష్ట్రానికి చోటు లేదని. ఫెడరల్ వ్యవసాయ శాఖ మాత్రం ఆ పురుగుపై క్వారంటైన్ విధించి ఉండలేదు. అంటే ఆపవలసినవాడు ఆపలేదు, ఆపినవాడికి అధికారం లేదు. కాంగ్రెస్ అసాధారణ వేగంతో కదిలింది. ఏప్రిల్‌లోనే ఒక తీర్మానం చేసి, ఫెడరల్ శాఖ చర్య తీసుకోని చోట రాష్ట్రాలు క్వారంటైన్ విధించవచ్చునని స్పష్టం చేసింది. పురుగు కోర్టు వాయిదాల కోసం ఆగదని కాంగ్రెస్‌లోని వ్యవసాయ ప్రాంతాల ప్రతినిధులకు తెలుసు.

వివక్ష బాహాటంగా ఉండి కూడా నిలిచిన చట్టానికి ప్రసిద్ధ ఉదాహరణ 1986 నాటి మెయిన్ వర్సెస్ టేలర్ తీర్పు. మెయిన్ రాష్ట్రం బయటి నుంచి ప్రాణంతో ఉన్న ఎర చేపలను తేవడాన్ని పూర్తిగా నిషేధించింది. గాలం వ్యాపారి ఒకరు 1,58,000 గోల్డెన్ షైనర్ చేపలను తెప్పించుకుని పట్టుబడ్డాడు. చట్టం బయటి సరుకునే లక్ష్యంగా చేసుకున్నది కనుక మొదటి మెట్టు మీది కఠిన పరీక్షే వర్తించింది. అయినా రాష్ట్రం 8–1 తేడాతో నెగ్గింది.

ఎలా నెగ్గిందన్నదే మనకు ముఖ్యం. విచారణలో మత్స్య శాస్త్రజ్ఞులు సాక్ష్యం చెప్పారు. బయటి ఎర చేపలలో సాధారణంగా కనిపించే మూడు పరాన్నజీవులు మెయిన్ చేపలలో సాధారణంగా లేవన్నారు. ఎర చేపలతో కలిసి అన్య జాతుల చేపలు తెలియకుండా ప్రవేశించవచ్చునన్నారు. ఇంతవరకు చెప్పి ఆగి ఉంటే, తనిఖీ చేసి అనుమతించవచ్చు కదా అని కోర్టు అడిగి ఉండేది. మాడిసన్ పాల కేసులో అడిగింది కదా. శాస్త్రజ్ఞులు ఆ ప్రశ్నకు కూడా జవాబు సిద్ధం చేసుకుని వచ్చారు. సాల్మన్ జాతి చేపలకు ప్రమాణీకరించిన నమూనా సేకరణ, పరీక్షా పద్ధతులు ఉన్నాయి. ఎర చేపలకు లేవు. చేప చాలా చిన్నది, ఒక్కో రవాణాలో వేల సంఖ్యలో ఉంటుంది, పరీక్షించాలంటే చంపాలి. అటువంటి పరీక్షను ఎప్పుడో ఒకప్పుడు రూపొందించవచ్చుననే ఊహ నేడు అందుబాటులో ఉన్న ప్రత్యామ్నాయం కాదని కోర్టు ఒప్పుకున్నది. కోలుకోలేని నష్టం జరిగేదాకా రాష్ట్రం చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదన్నది. అదే రాష్ట్రం సాల్మన్ జాతి చేపలను పరీక్ష, ధ్రువీకరణలతో రానిచ్చేది. పరీక్ష ఉన్న చోట తలుపు తెరిచి, లేని చోట మూయడం వలన రాష్ట్రపు మాటకు విశ్వసనీయత వచ్చిందని వ్యాసకర్త భావన. ఏకైక అసమ్మతి తెలిపిన జస్టిస్ స్టీవెన్స్ మాత్రం, శాస్త్రంలోని అనిశ్చితి వివక్ష చూపే రాష్ట్రానికి అనుకూలం కారాదని వాదించాడు. ఆ వాదనను తేలికగా తీసివేయలేము.

డబ్బు రూపంలోని అడ్డు గురించి ఒక్క మాట. మసాచుసెట్స్ రాష్ట్రం అమ్ముడయ్యే పాలన్నిటిపై ఒక రుసుము వసూలు చేసి, ఆ సొమ్మును తన పాడి రైతులకు మాత్రమే పంచింది. ఆ పాలలో సుమారు మూడింట రెండు వంతులు బయటి రాష్ట్రాలవి. అందరిపై సమాన రుసుము న్యాయమే. సొంత ఖజానా నుంచి రైతుకు రాయితీ కూడా సాధారణంగా న్యాయమే. రెండింటినీ ముడివేస్తే స్థానిక రైతుపై రుసుము రద్దయి, బయటి రైతుపై మాత్రమే మిగులుతుందని 1994లో వెస్ట్ లిన్ క్రీమరీ తీర్పు చెప్పింది. రుసుమును ఎదిరించవలసిన స్థానిక రైతు నోరు రాయితీతో మూతపడుతుందని కూడా కోర్టు గమనించడం విశేషం.

త్రాసు తూచలేనిది

ఈ సూత్రాల హద్దులు 2023లో బయటపడ్డాయి. 2018లో కాలిఫోర్నియా ఓటర్లు సుమారు 63 శాతం ఆధిక్యంతో 12వ ప్రతిపాదనను ఆమోదించారు. తల్లి పందిని కనీసం 24 చదరపు అడుగుల చోటు లేకుండా, అటూ ఇటూ తిరగలేనంత ఇరుకులో బంధించి పెంచితే, దాని సంతతి మాంసాన్ని ఎక్కడ పెంచినదైనా ఆ రాష్ట్రంలో అమ్మరాదు. దేశంలోని పంది మాంసంలో సుమారు 13 శాతం కాలిఫోర్నియా తింటుంది. దాదాపు అంతా బయటి నుంచే వస్తుంది. అయోవా, ఉత్తర కరోలినా వంటి చోట్ల పందుల షెడ్లు పునర్నిర్మించుకోవలసిన భారం అక్కడి రైతులదే. ఇది వివక్ష అని నేషనల్ పోర్క్ ప్రొడ్యూసర్స్ కౌన్సిల్ కూడా వాదించలేదు. నియమం స్థానిక రైతుకూ వర్తిస్తుంది. ఒక రాష్ట్రం దేశమంతటి పశుపోషణను శాసించడం తగదని మాత్రమే వాదించింది. సుప్రీంకోర్టు 5–4 తేడాతో ఆ వాదనను తోసిపుచ్చింది.

న్యాయమూర్తులు ఎక్కడ విడిపోయారో అది మన దృష్టికి రావాలి. ఒక పళ్లెంలో రైతు ఖర్చు డాలర్లలో ఉన్నది, రెండవ పళ్లెంలో ఓటరు నైతిక భావన ఉన్నది. వీటిని తూచే త్రాసు న్యాయమూర్తి దగ్గర లేదని జస్టిస్ గోర్సచ్, మరి ఇద్దరు అభిప్రాయపడ్డారు. పైక్ కేసులో రెండు పళ్లాలలోనూ లెక్కకు వచ్చే విషయాలే ఉన్నాయి. ఆపిళ్ల కేసులోనూ అంతే. జంతు సంక్షేమం, పర్యావరణం పేరిట రానున్న ప్రమాణాలలో శాస్త్రం ఒక భాగమే అవుతుంది. చోటు పెరిగితే పంది ఆరోగ్యం, ప్రసవాలు, పిల్లల మరణాలు ఏ మేరకు మారతాయో పరిశోధన చెప్పగలదు; ఎంత చోటు న్యాయమో చెప్పలేదు. పరిశోధకుడు ఈ రెండవ ప్రశ్నకు కూడా తానే జవాబు చెబుతున్నట్లు రాసిన నివేదికలు ఈ మధ్య తరచుగా కనిపిస్తున్నాయి. అవి కోర్టులో పక్షపాత పత్రాలుగా మిగిలే ప్రమాదం ఉన్నది.

మన రాజ్యాంగంలో

అమెరికా న్యాయస్థానాలు ఊహించి నిర్మించినదాన్ని మన రాజ్యాంగ నిర్మాతలు అక్షరాలలో రాశారు. దీనికి ప్రేరణ ప్రధానంగా ఆస్ట్రేలియా రాజ్యాంగపు 92వ విభాగం. 301వ అధికరణం దేశమంతటా వర్తక, వాణిజ్య, రాకపోకల స్వేచ్ఛను ప్రకటించింది. 304వ అధికరణం మొదటి ఖండం, బయటి సరుకుపై స్థానిక సరుకుపై లేని వివక్షతో కూడిన పన్నును నిరోధిస్తుంది. రెండవ ఖండం, ప్రజాప్రయోజనం కోసం సహేతుకమైన ఆంక్షలు విధించడానికి రాష్ట్రాలను అనుమతిస్తుంది. జమ్మూ కాశ్మీర్ ప్రభుత్వం స్థానిక వంటనూనె మిల్లులకు పూర్తి పన్ను మినహాయింపునిచ్చి, బయటి నూనెపై 8 శాతం పన్ను కొనసాగించినప్పుడు 1996లో మహావీర్ ఆయిల్ మిల్స్ తీర్పు ఆ వివక్షను తప్పు పట్టింది. 2016లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం జిందాల్ స్టెయిన్‌లెస్ కేసులో, ప్రతి పన్నూ స్వేచ్ఛకు ఆటంకం కాదని, వివక్షతో కూడినదే నిషిద్ధమని మెజారిటీతో తేల్చింది.

పంటల చీడపీడల విషయంలో మనకు 1914 నాటి హానికర కీటకాలు, తెగుళ్ల చట్టం ఉన్నది. డార్జిలింగ్ ప్రాంతపు బంగాళాదుంపల తరలింపుపై వార్ట్ తెగులు కారణంగా ఉన్న ఆంక్షలు దీని కిందివే. ఆ శిలీంద్రపు విశ్రాంత బీజాలు నేలలో దశాబ్దాల పాటు బతుకుతాయి; పైకి ఆరోగ్యంగా కనిపించే దుంపకు అంటిన మట్టి చాలు వ్యాపించడానికి. మెయిన్ ఎర చేపల కేసులో శాస్త్రజ్ఞులు సిద్ధం చేసుకున్న రెండు జవాబులూ, అంటే ముప్పు నిజమని, తనిఖీతో దానిని పట్టుకోలేమని, ఇక్కడ తెగులు స్వభావంలోనే ఉన్నాయి.

అమెరికా పద్ధతికీ మన పద్ధతికీ ఆచరణలో ఒక తేడా ఉన్నది. అక్కడ రాష్ట్రం ముందు నియమం చేస్తుంది. రైతో, వ్యాపారో కోర్టుకు వెళ్లిన తరువాతనే దాని వెనుక ఉన్న శాస్త్రీయ ఆధారాన్ని ఎవరైనా చదువుతారు. ఉత్తర కరోలినా నియమం వచ్చాక కోర్టు తీర్పు వెలువడే లోపు ఎన్నో పంటకాలాలు గడిచాయి. మన 304వ అధికరణం రెండవ ఖండం కింద ఆంక్ష విధించే బిల్లును రాష్ట్రపతి ముందస్తు అనుమతి లేకుండా శాసనసభలో ప్రవేశపెట్టరాదు. కాబట్టి ఆ బిల్లుకు జతచేసే సాంకేతిక నివేదికను మొట్టమొదట చదివేది న్యాయమూర్తి కాదు, ఢిల్లీలోని మంత్రిత్వ శాఖలో ఒక అధికారి. తక్కువ భారం కలిగించే మార్గం ఉన్నదా అన్న ప్రశ్నకు అందులో ఒక పేరా లేకపోతే, ఆ ప్రశ్నను అడుగుతూ దస్త్రం తిరిగి వ్యవసాయ విశ్వవిద్యాలయానికే వస్తుంది.